కరాటేకి ప్రైవేటు మాస్టారా, బ్యాచా? ఒడిశా సరిహద్దు ఊళ్ల లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో వేసవి సెలవులు దగ్గర పడగానే తెలుగు ఇళ్లలో ఒక చర్చ లేస్తుంది. పిల్లల్ని కరాటేలోనో తైక్వాండోలోనో వేయాలి, ఎక్కడ వేయాలి? బడి మైదానంలో సాయంత్రం పూట ముప్పై నలభై మందితో నడిచే బ్యాచ్ ఒకటి ఉంటుంది. ఇంటికొచ్చి డాబా మీద ఒక్కడికే నేర్పే మాస్టారు ఒకాయన ఉంటారు, ఫీజు నాలుగైదు రెట్లు. చేతిలో కాస్త డబ్బున్నవాళ్లు ట్యూషన్ లెక్కే ఇక్కడా వేస్తారు. ఒక్కడికే చెప్తే బాగా వస్తుంది, గుంపులో ఎవరు పట్టించుకుంటారు అని. లెక్కల ట్యూషన్‌కి ఆ వాదన సరిపోవచ్చు గానీ కొట్లాట విద్యకి సగమే సరిపోతుంది. లెక్క ఎదురు తిరిగి కొట్టదు కదా.

అలాగని గుంపే గొప్ప అనడానికీ లేదు. గుంపులో ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి. నలభై మంది ఒకే దిక్కుకి తిరిగి మాస్టారి లెక్కకు గాలిలో గుద్దుతుంటే అక్కడ నలభై మంది విడివిడిగా సాధన చేస్తున్నట్టే. పిల్లలు జతలు జతలుగా, జతలు మార్చుకుంటూ తలపడుతుంటేనే ఆ సంఖ్య వల్ల లాభం. తల్లిదండ్రులు చూడాల్సింది ఈ తేడా. ఫీజు, ఇంటి నుంచి దూరం, మాస్టారి బెల్టు రంగు దాని తర్వాతే.

వరసల్లో నిలబెట్టి లెక్కపెట్టే పద్ధతి పూర్వకాలం నుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. అది మరీ అంత పాతది కాదు. ఒకినావాలో కరాటే చాలాకాలం గురువు ఇంట్లో, ఒకరిద్దరు శిష్యులకు, చాటుగా నేర్పే విద్యగానే ఉండేది. తర్వాతి రోజుల్లో కరాటేని జపాన్ అంతటికీ తెలియజేసిన గిచిన్ ఫునకోషి కూడా రాత్రిపూట అజాతో అనే గురువు ఇంటి పెరట్లో, ఒకే కటాను, అంటే ఒంటరిగా చేసే కదలికల వరసని, నెలల తరబడి చేసి నేర్చుకున్నవాడే. 1900 దాటిన తొలి ఏళ్లలో ఇతోసు అంకో అనే గురువు ఈ విద్యను ఒకినావా బడుల్లోకి తెచ్చాడు. తరగతి మొత్తానికి ఒకేసారి నేర్పాలి కాబట్టి పినాన్ అనే అయిదు చిన్న కటాలు కూర్చాడు. కరాటేలో షోటోకాన్ అనే శాఖ క్లాసుల్లో మన పిల్లలు మొదట నేర్చే హేయాన్ కటాలు ఇవే, పేరు మార్చింది ఫునకోషి. 1922లో ఆయన టోక్యోలో కరాటేని ప్రదర్శించాడు. ఆ తర్వాత విశ్వవిద్యాలయాల క్లబ్బుల్లో అది ఇంకా పెద్ద గుంపుల విద్య అయింది. అంటే వరసల క్లాసు బడి డ్రిల్లు అవసరం కోసం పుట్టింది. క్రమశిక్షణకి, ఒంటి వ్యాయామానికి అది బాగానే పనికొస్తుంది. దాంతోనే ఆత్మరక్షణ వచ్చేస్తుందని ఆశపడితే మాత్రం చిక్కు.

జూడో దారి వేరు. జిగోరో కానో 1882లో టోక్యోలోని ఒక గుడిలో పన్నెండు చాపల గదిలో కోడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టాడు. కటాలు ఆయనా ఉంచాడు, కానీ సాధనకి నడుమ పెట్టింది రండోరిని, అంటే ఇద్దరూ నిజంగానే ఒకరినొకరు పడేయడానికి ప్రయత్నించే స్వేచ్ఛా సాధనని. అది ఒంటరిగా జరిగేది కాదు. లావుపాటివాడితో ఒకసారి, పొట్టివాడితో ఒకసారి, ఎడమచేతివాటం వాడితో ఒకసారి పడితేనే పట్టు తెలుస్తుంది. కరాటే పిల్లలు ఇవాళ కట్టుకునే రంగు బెల్టులు, నల్ల బెల్టులో మెట్లైన డాన్‌లు జూడో నుంచి తీసుకున్నవే. బెల్టులతో పాటు రండోరి కూడా అన్ని క్లాసుల్లోకీ వచ్చి ఉంటే ఈ వ్యాసం అవసరం సగం తగ్గేది.

మన వైపు వ్యాయామశాలల తీరు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు ఉత్తరాంధ్రలోనూ, సరిహద్దు దాటి ఈ ఊళ్లలోనూ పాతతరం ఇంకా చెప్పుకుంటుంది. ఆ కాలం సాముగరిడీల్లో గానీ, ఖుర్దా వైపు పాతకాలపు సైనికుల వ్యాయామశాలలైన పైక అఖడాల్లో గానీ అందరూ ఒకే చోట ఉంటారు. ఒకడు కర్ర తిప్పుతుంటాడు, ఒకడు బస్కీలు తీస్తుంటాడు, ఇద్దరు పట్టు పడుతుంటారు, గురువు తిరుగుతూ ఎవరికి కావలసింది వాళ్లకి చెప్తాడు. బరంపురం బరువులెత్తే క్లబ్బులదీ ఇదే వరస. ఆ ఊరి నుంచే వచ్చిన కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం తెచ్చాడు. బరువెత్తడం నిజానికి ఒంటరి ఆట, ఎదుట మనిషే ఉండడు. అలాంటి ఆట కూడా నలుగురు చేరే క్లబ్బుల్లోనే పెరిగిందన్నది గమనించాలి.

ఇప్పుడు బ్యాచ్‌లోకి కాస్త దగ్గరగా వెళ్దాం. గంట క్లాసు, నలభై మంది పిల్లలు. వార్మప్‌కి పావుగంట పోతుంది. మిగిలిన నలభై అయిదు నిమిషాలూ మాస్టారు విడివిడిగా చూడటానికే వాడినా ఒక్కొక్కరి వాటాకి నిమిషం పైచిలుకు. నిజానికి అదీ రాదు, లెక్కపెట్టేదీ ఆయనే, అల్లరి ఆపేదీ ఆయనే. ముందు తన్ను ఎలా ఉండాలో చూడండి. మోకాలు ముందు పైకి లేవాలి, అక్కణ్ణుంచి పాదం విసరాలి, వెంటనే వెనక్కి లాక్కోవాలి, ఆ తర్వాతే కాలు నేల మీద పెట్టాలి. వెనక వరసలో పిల్లాడు మోకాలు ఎత్తకుండా కాలు బిగదీసి ఊపేస్తాడు. పాదం లేవాల్సినంత ఎత్తు లేస్తుంది కాబట్టి దూరం నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. పైగా వాడు చూసి నేర్చుకునేది మాస్టారిని కాదు, ముందు వరసలో పిల్లాణ్ణి, వాడూ అలాగే ఊపుతుంటాడు. ఇలా ఒక తప్పు నాలుగు వరసలూ దాటి వెళ్తుంది. ఆరు నెలలకి బెల్టు టెస్టులో ఎవరో పట్టుకునేసరికి అది అలవాటైపోయి ఉంటుంది. ఇలాంటి తప్పుని ప్రైవేటు మాస్టారు మొదటి రోజే పట్టేస్తారు. పిల్లాడి ముందు నడుం ఎత్తున ఒక బెల్టు అడ్డంగా పట్టుకుని, మోకాలు దాని మీదుగా రావాలంటారు. నాలుగు క్లాసుల్లో సరి.

ఇక్కడి దాకా ప్రైవేటుదే పైచేయి. ఎదుట మనిషి వచ్చాక కథ మారుతుంది.

ముఖం మీదికి గుద్దు వస్తుంటే కొత్త పిల్లలందరూ చేసేది ఒక్కటే: కళ్లు మూసుకుని తల పక్కకి తిప్పేయడం. ఎన్ని కటాలు వచ్చినా ఇది పోదు. తోటి పిల్లలతో, తగినంత నెమ్మదిగా, వందలసార్లు గుద్దులు ఎదురైతేనే పోతుంది. దూరం అంచనా కూడా అంతే. ఎదుటివాడి చెయ్యి ఎంత వరకు అందుతుంది, ఎప్పుడు అడుగు వేస్తాడు అన్నది ఒక మనిషిని చూసి నేర్చుకుంటే ఆ మనిషి గురించే తెలుస్తుంది. ప్రైవేటులో ఆ ఒక్క మనిషి మాస్టారే. ఆయన పెద్దవాడు, తన బలం అదుపులో పెట్టుకుంటాడు, పిల్లాడికి అందేలా ప్యాడ్ పట్టుకుంటాడు, దాదాపు ఒకే లయలో వస్తాడు. ఏడాది తర్వాత ప్యాడ్ మీద దెబ్బలు మోగిపోతుంటాయి. అదే పిల్లాణ్ణి జిల్లా పోటీకి తీసుకెళ్తే, తన ఈడు వాడే, ఎడమ కాలు వెనక పెట్టి నిలబడే వాడు, పద్ధతీ పాడూ లేకుండా మీద పడిపోతాడు. మనవాడు కట్టెలా నిలబడిపోతాడు. వచ్చిన విద్య ఎక్కడికీ పోలేదు, ఇంకొక మనిషి మీద దాన్ని వాడిన అలవాటు లేదంతే.

ఒంటి నైపుణ్యాలు ఎలా అబ్బుతాయన్న దాని మీద జరిగిన పరిశోధనలు కూడా ఈ మాటకి బలమిస్తాయి. 1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. టెన్నిస్ బంతి చేత్తో పట్టుకుని చిన్న చెక్క అడ్డాలను చెప్పిన వరసలో చకచకా పడగొట్టాలి, అలాంటి వరసలు మూడు. కొందరికి ఒక్కో వరసనీ పూర్తిగా సాధన చేయించాక తర్వాతది ఇచ్చారు, కొందరికి మూడూ కలగాపులగంగా ఇచ్చారు. సాధన జరుగుతున్నంతసేపూ మొదటివాళ్లే చురుకు. కొన్నాళ్ల తర్వాత పరీక్షిస్తే రెండోవాళ్లకే ఎక్కువ గుర్తుంది. 1984లో సాల్మోని, ష్మిట్, వాల్టర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి ఇంకో సంగతి బయటపెట్టారు. ప్రతిసారీ తప్పొప్పులు చెప్తూ పోతే నేర్చుకునేవాడు ఆ చెప్పడం మీదే ఆధారపడతాడు, అది ఆగిపోతే తడబడతాడు. ప్రైవేటు క్లాసుకి ఉన్న పెద్ద ప్రమాదం సరిగ్గా ఇదే. ఇచ్చిన ప్రతి రూపాయికీ న్యాయం చేయాలని మాస్టారు క్షణక్షణం సరిదిద్దుతుంటారు, చూసే తల్లిదండ్రులకీ ఎంత శ్రద్ధో అనిపిస్తుంది. నోరు మూసుకుని పదిసార్లు చేయనిచ్చి, పదకొండోసారి ఒక్క మాట చెప్పే మాస్టారు నిజానికి మెరుగు. గంట ఫీజు ఇచ్చినవాళ్లకి అది నచ్చడమే కష్టం.

ఏ విద్య, ఏ భాగం అన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. కటా, తైక్వాండోలో పూమ్సే ఒంటరిగా చేసేవి, కోణాలూ నిలకడా లయా చూసి మార్కులు వేస్తారు. వీటికి ప్రైవేటు క్లాసు బాగా పనిచేస్తుంది, పోటీ ముందు రెండు నెలలు పెట్టుకుంటే తేడా కనిపిస్తుంది. కుమితే (కరాటేలో ఇద్దరు తలపడటం), జూడో, కుస్తీ గుంపు లేకుండా రావు. ఆట కోసమే చేర్పిస్తుంటే ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి: తైక్వాండో 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, కరాటే ఒక్క టోక్యో క్రీడల్లోనే ఉండి 2024 పారిస్‌లో పోయింది. ఆసియా క్రీడల్లో మాత్రం కరాటే 1994 నుంచీ ఉంది.

ప్రైవేటు నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు, వాళ్లని గుంపులోకి తోయడం తప్పు. రాయగడ పక్కన జేకేపురం కాగితం మిల్లులో, సునాబెడ హెచ్ఏఎల్‌లో, దమంజొడి నాల్కోలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకి ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి అయితే సాయంత్రం అయిదున్నర బ్యాచ్ కుదరదు. నలభై దాటాక మొదలుపెట్టేవాళ్లు, మోకాలి నొప్పో నడుం నొప్పో ఉన్నవాళ్లు పదేళ్ల పిల్లల మధ్య గెంతితే దెబ్బ తగలడమే మిగులుతుంది. చీకటి పడ్డాక ఇంటికి రావడం ఇబ్బందని అమ్మాయిని అసలే మాన్పించే బదులు ముగ్గురు నలుగురు ఆడపిల్లలు కలిసి ఒక మాస్టారిని పెట్టుకుంటే మేలు. ప్రైవేటులో ఉన్న చూపూ దొరుకుతుంది, తలపడటానికి మనుషులూ దొరుకుతారు. ఈ చిన్న జట్టు పద్ధతి వీధివీధినా ఎందుకు లేదో ఆశ్చర్యమే. బహుశా నలుగురు తల్లులకి ఒకే టైము కుదరకేమో.

భాష సంగతి కూడా ఉంది. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, తెలుగువాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లే కాబట్టి బరంపురం, పర్లాకిమిడి తెలుగు పిల్లలకి ఒడియా వీధిలోనే వచ్చేస్తుంది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో నాన్నకి ఉద్యోగం వచ్చి కొత్తగా రాయగడ చేరిన పిల్లాడి పరిస్థితి వేరు. మాస్టారు ఒడియాలో, హిందీలో అరుస్తుంటే వాడికి లెక్క తప్ప ఏదీ అర్థం కాదు, పక్కవాణ్ణి చూసి చేస్తాడు. అలాంటివాడికి తెలుగు తెలిసిన మాస్టారి దగ్గర మొదటి నెల ప్రైవేటు పెట్టి, నిలబడటమూ గుద్దడమూ వచ్చాక బ్యాచ్‌లో వేస్తే టెన్షన్ తగ్గుతుంది. బ్యాచ్‌లో పడ్డాక ఒడియా దానంతటదే వస్తుంది. అసలు కొత్త ఊళ్లో స్నేహాలు కుదరడానికి సాయంత్రం క్లాసుని మించింది లేదు.

ఈ ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది, ఇది తెలియక డబ్బూ ఏళ్లూ పోగొట్టుకునేవాళ్లున్నారు. పోటీల దాకా వెళ్లాలనుకునే కుటుంబాలు శని ఆదివారాలు రైలెక్కి విశాఖపట్నంలో పేరున్న మాస్టారి దగ్గర ప్రైవేటు పెట్టిస్తాయి. బరంపురం నుంచి, రాయగడ నుంచి నేరుగా రైళ్లున్నాయి, పర్లాకిమిడి వాళ్లకి పక్కనున్న పాతపట్నమే ఆంధ్ర. నేర్చుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ బెల్టు పరీక్ష అక్కడి సంఘం కింద జరుగుతుంది. స్కూల్ గేమ్స్‌లో పిల్లాడు ఆడేది మాత్రం చదివే బడి ఉన్న ఒడిశా తరఫున, జిల్లా సెలెక్షన్ నుంచి పైకి వెళ్లాలి. ఆ జిల్లా సెలెక్షన్ కబుర్లు ముందుగా తెలిసేది ఊళ్లో బ్యాచ్ నడిపే మాస్టార్లకే. ఫారం ఎప్పుడు, బరువు ఎప్పుడు తూస్తారు, ఏ వయసు విభాగం అన్నది ఒంటరిగా నేర్చుకునేవాడి చెవిన ఆలస్యంగా పడుతుంది. కాబట్టి వైజాగ్ వెళ్లినా ఊళ్లో ఒక బ్యాచ్‌లో పేరుండటం మంచిది. ఇద్దరు మాస్టార్లకీ ఈ సంగతి ముందే చెప్పాలి, దాచి నడిపితే తర్వాత మొహమాటాలు, మాట పట్టింపులు.

సర్టిఫికెట్ల మాట కూడా ఇక్కడే. దేశంలో కరాటేకీ తైక్వాండోకీ జాతీయ సంఘాల గుర్తింపు మీద గొడవలు చాలా ఏళ్లుగా నడిచాయి, ఒకే విద్యకి రెండు మూడు సంఘాలు కనిపిస్తాయి. తైక్వాండోలో అయితే సియోల్‌లోని తైక్వాండో కేంద్రం కుక్కివాన్ ఇచ్చే సర్టిఫికెట్ మీద నంబరుంటుంది, సరిచూసుకోవచ్చు. పదిహేనేళ్ల లోపు పిల్లలకి కుక్కివాన్ డాన్ కాకుండా పూమ్ అనే పిల్లల స్థాయి ఇస్తుంది. కాబట్టి తొమ్మిదేళ్లవాడికి కుక్కివాన్ డాన్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే వెనక్కి తిరిగి రావడమే. కరాటేలో ఇంత సులువైన ఆనవాలు లేదు. మాస్టారు ఏ సంఘం కింద ఉన్నారు, ఆ సంఘం పిల్లలు ఏ పోటీల్లో ఆడారు అని మొహమాటం లేకుండా అడగాలి.

డబ్బు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. నెల ఫీజు ఒక్కటే చూస్తే మోసపోతారు. డ్రెస్సు, ప్రతి బెల్టు పరీక్షకీ ఫీజు, పోటీ ఎంట్రీ, ప్రయాణం కలిపి ఏడాదికి లెక్కేయాలి. కొన్ని బ్యాచ్‌లు నెల ఫీజు తక్కువ పెట్టి మూడు నెలలకోసారి బెల్టు పరీక్షల మీద బతుకుతాయి. పరీక్షకి వెళ్లినవాళ్లందరూ ప్రతిసారీ పాసైపోతుంటే అది పరీక్ష కాదు, రెండో ఫీజు. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. బడిలో అది నడుస్తుంటే ముందు అందులో చూస్తే అమ్మాయికి ఆసక్తి ఉందో లేదో ఖర్చు లేకుండానే తెలుస్తుంది.

ప్రైవేటు క్లాసు ఇంట్లో అయినా మాస్టారి గదిలో అయినా తలుపు తెరిచి ఉండాలి, ఇంటివాళ్లు ఎప్పుడైనా వచ్చి చూడగలగాలి. ఈ విద్యలో ఒళ్లు తాకి సరిదిద్దడం తప్పదు కాబట్టి ఈ నియమం మరీ ముఖ్యం. మంచి మాస్టారు దీనికి నొచ్చుకోరు, చాలామంది వాళ్లే ముందుగా అంటారు. నొచ్చుకునేవారైతే బేరం అక్కడితో సరి.

బ్యాచ్ ఎంచుకునే ముందు ఒక సాయంత్రం పూర్తిగా కూర్చుని చూడాలి, చివరి ఇరవై నిమిషాలైతే తప్పనిసరి. ముందు వరస ఎక్కడైనా బాగానే ఉంటుంది, చూడాల్సింది వెనక వరసని. మాస్టారో సీనియర్ పిల్లలో అక్కడికి వెళ్తున్నారా? జతలు వేశారా, వేస్తే మార్చారా? చిన్నవాడు పెద్దవాడితో పడ్డప్పుడు పెద్దవాడు బలం తగ్గించుకుంటున్నాడా? ఒకడికి మూతి మీద తగిలి ఏడిస్తే ఏం చేశారు? ఎగతాళి చేస్తే ఒక రకం క్లాసు, నీళ్లిచ్చి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ అదే జతతో నెమ్మదిగా చేయించి పంపితే ఇంకో రకం. వానాకాలంలో మైదానం బురదైతే క్లాసు ఎక్కడ పెడతారో కూడా అడగాలి. వరండాలో, సిమెంటు నేల మీద పడేసే విద్యలు చేయించకూడదు.

జతలు మార్చే బ్యాచ్ దొరికితే పిల్లల్ని అందులో వేసి, ప్రైవేటుని మందులా వాడుకోవడమే ఎక్కువమందికి సరిపోయే పద్ధతి. ఫలానా తన్ను సరిగ్గా లేదు, ఫలానా కటా పోటీలో చేయాలి అని పని చెప్పి ఆరు క్లాసులో ఎనిమిది క్లాసులో తీసుకుని ఆపేయాలి. బ్యాచ్ మాస్టారే విడిగా సమయం ఇస్తే మరీ మంచిది, తప్పేమిటో ఆయనకి ముందే తెలుసు. ఊళ్లో ఉన్న ఒక్క బ్యాచ్‌లోనూ వరసలు తప్ప ఏమీ లేకపోతే, మల్కన్‌గిరి వైపు చిన్న ఊళ్లలో ఇలా జరగొచ్చు, ప్రైవేటు మాస్టారినే పెట్టుకుని పక్కింటి పిల్లలిద్దరిని కలుపుకోవాలి, వాళ్ల ఫీజు కొంత తామే భరించాల్సి వచ్చినా సరే. ఏడెనిమిది నెలల తర్వాత కూడా మాస్టారు ఆ ఒక్క పిల్లాడితోనే ప్యాడ్ పట్టుకుంటూ ఉంటే, ఇంకెవరితో ఎప్పుడు తలపడనిస్తారని ఆయన్నే అడగాలి. తారీఖు చెప్పకుండా ఇంకా రెడీ కాలేదంటూ వాయిదా వేస్తుంటే, వచ్చే నెల ఫీజు కట్టే ముందు ఆలోచించుకోవాలి.